రెండు బ్యాటరీల లైటు నుంచి లిథియం సెల్లు దాకా: మన చేలల్లో రాత్రి వెలుగు కథ

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ పోస్టు కాస్త పెద్దది. మోటారు ఏసొచ్చి మంచం మీద కూర్చున్నాక తీరిగ్గా చదువుకోండి.

మిరపకి తడులు పెట్టే రోజులు, పత్తి తీతల రోజులు వచ్చినయ్యంటే నన్ను అందరూ అడిగేది ఒకటే, "ఏ లైటు కొనమంటావు" అని. కొనబోయే ముందు అటక మీద ఒకసారి చూడమంటాను. తాతదో నాన్నదో ఇత్తడి టార్చిలైటు చాలా ఇళ్లల్లో ఇంకా పడుంది. బల్బు మాడిపోయి, లోపల బ్యాటరీ కారిపోయి, పచ్చగా చిలుము పట్టి ఉంటది. పాత సామానోడికి కిలో లెక్కన ఇచ్చేయబాకండి. అదెట్టా బతికిద్దో చివర్లో చెప్తాను. అసలు అది మన ఊళ్లకి ఎట్టా వచ్చింది, మనోళ్లు దాన్ని ఎన్నిసార్లు విప్పి ఎన్నిరకాలుగా మార్చారు అనేది ముందు చెప్పాలి.

టార్చిలైటు చరిత్ర అంటే అమెరికా కంపెనీ, కలకత్తా ఫ్యాక్టరీ అనుకుంటాం. అది సగమే. మన వినుకొండ వైపు ఆ కథని నడిపించింది కరెంటోళ్ల టైం టేబులు. కరెంటు రాత్రిపూట ఇచ్చారు, మనం రాత్రిపూట చేలోకి పోయాం, చేలో పాము ఉంది, చేతిలో లైటు చాలలేదు. ఆ చాలకపోవటంలోంచే ఈ మార్పులన్నీ పుట్టినయ్యి.

మోట బావుల కాలంలో నడిరాత్రి నీళ్లు పెట్టటమనేది లేదు. ఎడ్లకి రాత్రి నిద్ర కావాలి. కోడికూతకి లేచి మోట కట్టి, ఎండ ముదిరేలోపు విప్పేసేవాళ్లు. వినుకొండ, బొల్లాపల్లి, నూజెండ్ల మెట్ట మీద జొన్న, సజ్జ, కంది వానకే పండేయి. రాత్రి చేలోకి పోవాల్సి వస్తే అది కాపలాకి. మంచె మీద పడుకోవటం, అడవిపందులు వస్తే డబ్బా కొట్టటం, కల్లంలో ధాన్యం దగ్గర పడుకోవటం. వెలుగంటే కిరసనాయిలు లాంతరు. గాలికి ఆరిపోద్ది, చిమ్నీ మసి పడతది. పైగా లాంతరు వెలుగు నాలుగు వైపులా పోద్ది గానీ ముందుకి పోదు, పట్టుకున్నోడి కళ్లలోనే ముందు పడతది. పెళ్లిళ్లకి, నాటకాలకి పెట్రోమాక్స్ ఉండేది. దాన్ని పంపు కొట్టి వెలిగించటమే ఒక విద్య, దాన్ని మోసుకుని గట్టెంట పోయే పని కాదు.

ఇక అమెరికా సంగతి. 1899 జనవరి 10న డేవిడ్ మిసెల్ అనే ఆయన పేరు మీద న్యూయార్క్‌లో టార్చికి పేటెంటు వచ్చింది. గొట్టంలో వరసగా బ్యాటరీలు, ముందు బల్బు, దాని వెనక మెరిసే గిన్నె. ఇప్పటి టార్చి వంశమంతా దాంట్లోంచి వచ్చిందే. ఆ పేటెంటు కాన్రాడ్ హ్యూబర్ట్ అనే వ్యాపారి కంపెనీకి వెళ్లింది. ఈయన రష్యా వైపు నుంచి పొట్టచేత పట్టుకుని వలస వచ్చిన మనిషి. కొన్ని లైట్లు న్యూయార్క్ పోలీసులకి ఉట్టిగానే ఇచ్చి పేరు తెచ్చుకున్నాడు. అప్పటి బ్యాటరీకి గానీ బల్బుకి గానీ నిలబడి వెలిగే శక్తి లేదు. ఒక్క క్షణం నొక్కి వదలాలి, మళ్లీ కాస్త ఆగి నొక్కాలి. అందుకే అమెరికావాళ్లు దాన్ని ఫ్లాష్‌లైటు అన్నారు. ఇంగ్లండువాళ్లకి కాగడా గుర్తొచ్చి టార్చి అన్నారు. మనం ఇంగ్లండు పేరే పట్టుకుని పక్కన లైటు చేర్చుకున్నాం. ఊళ్లో మాత్రం అది ఎప్పుడూ బ్యాటరీ లైటే.

అదే 1899లో స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్‌నర్ అనే ఆయన నికెల్ కాడ్మియం బ్యాటరీ కనిపెట్టాడు. అంటే మళ్లీ మళ్లీ చార్జింగు పెట్టుకునే చిన్న బ్యాటరీ, టార్చి ఒకే ఏడాది పుట్టినట్టు లెక్క. రెండూ మన ఊళ్లో ఒకే గొట్టంలో కలవటానికి దగ్గర దగ్గర వందేళ్లు పట్టింది.

ఎవరెడీ బ్యాటరీలు 1905 నుంచి మన దేశానికి ఓడలో దిగుమతి అయ్యేయి. 1939లో కలకత్తా కాశీపూర్‌లో ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత మద్రాసులో, హైదరాబాద్‌లో బ్యాటరీలు, లక్నోలో టార్చిలు. తొమ్మిది అంకెలోంచి దూకే నల్లపిల్లి బొమ్మ గుర్తుందిగా, ఆ కంపెనీయే. దీని అసలు యజమాని అమెరికా యూనియన్ కార్బైడ్. ఇక్కడ ఒక మాట చెప్పకుండా పోలేను. పత్తి రైతుకి ఈ పేరు రెండు వైపుల నుంచి తెలుసు. కార్బరిల్ మందు సెవిన్ పేరుతో అమ్మింది, దాన్ని భోపాల్‌లో తయారు చేసింది ఈ కంపెనీయే. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లారితే 3, భోపాల్‌లో గ్యాసు లీకై వేల మంది పోయింది ఆ ఫ్యాక్టరీలోనే. పగలు చేలో కొట్టిన మందు, రాత్రి చేతిలో పట్టుకున్న లైటు, రెండూ ఒకే గూటివి. 1994లో బ్యాటరీల వ్యాపారాన్ని కలకత్తా విలియమ్సన్ మాగర్ వాళ్లు కొనుక్కున్నారు, ఆ తర్వాతే ఎవరెడీ ఇండస్ట్రీస్ అయింది.

మన రాష్ట్రంలోది నిప్పో. ఇండో నేషనల్ కంపెనీ 1972లో మొదలైంది, జపాన్‌వాళ్ల సాయంతో నెల్లూరులో ఫ్యాక్టరీ. ఎవరెడీయా, నిప్పోనా అని చిల్లర కొట్టు దగ్గర తెగని పంచాయితీలు నడిచేయి. రెండిట్లో సరుకు ఒకటే. జింకు డబ్బా, మధ్యలో బొగ్గు పుల్ల, చుట్టూ నల్లపొడి. ఆ నల్లపొడి మాంగనీసు డయాక్సైడు. అయిపోయిన బ్యాటరీని బద్దలుకొట్టి ఆ పొడిని బడిలో నల్లబల్లకి పూసేవాళ్లు, బొగ్గుపుల్లతో పిల్లలు గోడల మీద గీసేవాళ్లు. ఇంట్లో పారేసేది అంటూ ఏమీ లేని రోజులు అయ్యి.

మొదట్లో టార్చి ఉందంటే కరణం గారిల్లో మోతుబరి ఇల్లో అయ్యుండాలి. తర్వాత తర్వాత కట్నకానుకల్లోకి కూడా చేరింది. రెండు బ్యాటరీల లైటు మామూలోడిది, మూడు బ్యాటరీలది కాస్త దర్జా. అయిదు బ్యాటరీలదైతే లైటుకి లైటు, చేతికర్రకి చేతికర్ర. దాని తయారీలో తెలివి కూడా చూడండి. తల తిప్పితే వెలుగు దగ్గరికి, దూరానికి సర్దుకుంటది. వెనక మూత లోపల స్ప్రింగు మధ్యలో ఒక స్పేరు బల్బు పెట్టుకునే చోటు ఉండేది కొన్నిట్లో. బల్బు ఎప్పుడు పోద్దో తెలీదని చేసినోడికే తెలుసు.

బ్యాటరీ నీరసపడితే మనోళ్లు చేసే మొదటి వైద్యం ఎండలో పెట్టటం. మిద్దె మీద అప్పడాల పక్కన బ్యాటరీలు ఎండేసిన ఇల్లు లేదంటే నమ్మను. దీన్ని చదువుకున్నోళ్లు నవ్వారు గానీ అందులో పస ఉంది. వాడే కొద్దీ బొగ్గుపుల్ల చుట్టూ హైడ్రోజను చేరి కరెంటుని అడ్డుకుంటది. పక్కన పెడితే ఆ అడ్డు నెమ్మదిగా తొలుగుద్ది. వేడి తగిలితే లోపలి రసాయనం చురుగ్గా కదులుద్ది. అట్టా ఇంకో గంటో అరగంటో వెలుగు వస్తది. చచ్చిన బ్యాటరీ మాత్రం బతకదు, జింకు కరిగిపోతే ఎండకేం తెలుసు.

ఇప్పుడు కరెంటు దగ్గరికి వద్దాం.

1955లో నెహ్రూ గారు సాగర్‌కి శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు కాలవలకి నీళ్లొదిలారు. కుడికాలవ కింద మన వైపు కొంత తడిసింది. కాలవ వంతులకి పగలూ రాత్రీ అని ఉండదు. నీళ్లు ఎప్పుడు మన మడవకి వస్తే అప్పుడు లేవాల్సిందే. పై వాళ్లు కొట్టుకోకుండా కాలవెంట కాపలా తిరగాల్సిందే. కాలవ అందని మెట్ట మీద బావులు, ఆ తర్వాత బోర్లు పడ్డయ్యి. 1980ల మొదట్లో మీటరు తీసేసి హెచ్‌పీ లెక్కన ఏడాదికింతని కట్టించుకోవటం మొదలైంది. మోటార్లు పెరిగినయ్యి. పత్తి, మిరప నీటి పంటలయినయ్యి. 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. రోజుకి 7 గంటలు అన్నారు. ఆ 7 గంటలు ఏ వేళ అనేది మన చేతిలో లేదు. ఊళ్లని గ్రూపులుగా చేసి, కొన్ని గంటలు పగలు, కొన్ని గంటలు రాత్రి, వారానికోసారి మార్చి ఇచ్చారు.

ఎందుకు రాత్రి అంటే లెక్క తేలికే. కరెంటుని గాదెలో పోసి దాచుకోలేరు. పగలు ఫ్యాక్టరీలు, ఆఫీసులు, సాయంత్రం టౌన్లలో దీపాలు, ఫ్యాన్లు లాగుతయ్యి. అర్ధరాత్రి దాటాక వాడేవాడు లేడు. బొగ్గు ప్లాంటుని పొయ్యి ఆర్పినట్టు రాత్రి ఆర్పి పొద్దున వెలిగించటం కుదరదు. ఆ మిగిలిన కరెంటు మనకి. వాళ్ల లెక్క వాళ్లకి సరిపోయింది. ఆ లెక్కలో రైతు కాలు మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఆటో స్టార్టరు పెట్టుకుంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుద్ది, నిజమే. మడవ మార్చేదెవరు? మిరపలో బోదె నిండితే పక్క బోదెకి తిప్పాలి. ఒక్క గంట నిద్రపోతే కింది చెక్క మునిగి ఎండుతెగులు పట్టుద్ది. ఫీజు పోతే ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడవాలి. అందుకని రాత్రి రెండింటికి ఒక చేత్తో పార, ఒక చేత్తో లైటు.

పాముల సంగతి మీకు నేను చెప్పాలా. మన చేలల్లో ఎక్కువ భయపడాల్సింది రక్తపింజరకి. కదలదు. ఎండు మట్టి రంగులో చుట్ట చుట్టుకుని గట్టు మీదే పడుంటది. నాగుపాము అలికిడికి తప్పుకుంటది, ఇది తప్పుకోదు, బుస కొడతది. మోటారు మోతలో ఆ బుస ఏం వినపడుద్ది? ఎలకల కోసం రాత్రే తిరుగుద్ది. 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పోయినోళ్లు సుమారు 12 లక్షల మంది. ఏడాదికి 58 వేలు. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అంటే మన సాగు పనుల కాలంలోనే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇంతమంది పోతుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పట్టించుకోని జబ్బుల పట్టికలో చేర్చింది 2017లో. కరిస్తే బ్లేడుతో కోయటం, తాడుతో బిగించటం చేయొద్దు, 108కి ఫోన్ చేసి విరుగుడు మందున్న ఆసుపత్రికి పొండి. కరవకుండా ఉండాలంటే బూట్లు, చేతికర్ర, సరైన లైటు.

ఆ సరైన లైటు కోసమే మన మెకానిక్కులు, కుర్రాళ్లు పడ్డ తంటాలు ఇవన్నీ.

మొదటి ప్రయోగం బల్బుతో. రెండు బ్యాటరీల లైటుకి 2.5 వోల్టుల బల్బు, మూడు బ్యాటరీలదానికి 3.8 వోల్టులది. మూడు బ్యాటరీల లైటులో రెండు బ్యాటరీల బల్బు బిగిస్తే? కొత్త బ్యాటరీలైతే తెల్లగా పెళ్లి ఫొటోగ్రాఫరు లైటులాగా వెలిగి, గట్టు దాటకముందే ఠప్పుమంటది. దీని వెనక ఒక సూత్రం ఉంది. తీగ బల్బుకి వోల్టేజి పదో వంతు పెంచితే వెలుగు మూడో వంతుకి పైనే పెరుగుద్ది, బల్బు ఆయుష్షు మాత్రం మూడో వంతుకి పడిపోద్ది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతు చచ్చి పచ్చబడుద్ది. అందుకే బ్యాటరీ కాస్త దిగగానే లైటు మిణుగురుపురుగైపోద్ది. తెలివైనోళ్లు చిన్న బల్బు పెట్టి కొత్త బ్యాటరీలు వేసేవాళ్లు కాదు. సగం వాడిన రెండు బ్యాటరీలకి ఇంకో పాతది కలిపి, గొట్టం చాలకపోతే వెనక రేకు చుట్టి పొడుగు చేసి, ఆ నీరసపు మూడింటితో రెండు బ్యాటరీల వెలుగు రాబట్టేవాళ్లు. పారేసే బ్యాటరీ నుంచి ఆఖరి బొట్టు పిండటమంటే ఇదే.

తీగ బల్బులో ఉన్న అసలు లోపం ఎవరూ తీయలేనిది. లోపలికి పోయిన కరెంటులో నూటికి 95 పాళ్లు వేడిగానే పోద్ది. మనం డబ్బు పెట్టి కొన్న బ్యాటరీతో బల్బుకి చలి కాస్తున్నాం అంతే.

రెండో ప్రయోగం బైకు బ్యాటరీ. పాత మోటారు సైకిళ్ల 6 వోల్టుల బ్యాటరీని గుడ్డసంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని, వైరు లాగి తలకి కట్టిన లైటుకి ఇచ్చేవాళ్లు. రెండు చేతులూ ఖాళీ, పారకి అడ్డం లేదు. టౌనులో రేడియోలు బాగుచేసే షాపులవాళ్లు దీంట్లో చెయ్యి తిరిగినోళ్లు. కొందరు ఆశకి పోయి 25 వాట్ల హెడ్‌లైటు బల్బే పెట్టించుకున్నారు. అది 4 ఆంపియర్లకి పైన లాగుద్ది. 4 ఏహెచ్ బ్యాటరీ గంట కూడా రాదు. వెలుగు చూసి మురిసినోడు తిరిగొచ్చేటప్పుడు చీకట్లో తడుముకుంటా వచ్చాడు. 3 వాట్ల చిన్న బల్బు పెట్టుకున్నోడికి 6, 7 గంటలు వచ్చేది. ఈ తలలైట్లతోనే కుందేళ్ల వేటకి పోయినోళ్లూ ఉన్నారు. 1972 చట్టం కింద అది నేరం, దాని గొప్పలు ఇక్కడ రాయను. పందులకి కరెంటు తీగ పెట్టేవాళ్లకీ ఒక మాట. చీకట్లో మడవ మార్చబోయే మనిషికి ఆ తీగ ఏ లైటులోనూ సరిగా కనపడదు. ఆ పని చేయొద్దు.

2000 దాటాక బజారంతా ప్లాస్టిక్ చార్జింగు లైట్లు. వెనక మీట జరిపితే రెండు పిన్నులు బయటికొస్తయ్యి, గోడ ప్లగ్గులో పెట్టటమే. బ్యాటరీ కొనే పని తప్పిందని అందరం సంతోషపడ్డాం. ఇట్టాంటివి మా ఇంట్లోనే ఎన్ని పోయినయ్యో, ఒక్కటీ రెండు పంటలు చూడలేదు. విప్పి చూస్తే కారణం తెలిసిద్ది. లోపల 4 వోల్టుల సీసం బ్యాటరీ. సీసం బ్యాటరీ 1859 నాటి పాత సరుకు, మంచిదే, దానికి ఒకటే పథ్యం: ఖాళీగా ఉంచకూడదు. పంట అయిపోయాక లైటుని చూరులో పెట్టేస్తాం, నాలుగు నెలలకి లోపలి పలకల మీద గట్టి పొర కట్టి చచ్చిపోద్ది. ఇంకో తప్పు తయారుచేసినోడిది. నిండాక ఆపే ఏర్పాటు లేదు. రాత్రంతా ప్లగ్గులో ఉంటే నీరంతా ఇగిరిపోద్ది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక్క కెపాసిటరుతో 230 వోల్టుల్ని నేరుగా లోపలికి తెచ్చిన సరుకు చాలా ఉంది. చార్జింగులో ఉన్నప్పుడు పగిలిన లైటు లోపల వేలు తగిలితే స్టార్టరు డబ్బాలో వేలు పెట్టినట్టే.

ఇదే రోజుల్లో 2003లో నోకియా 1100 ఫోను వచ్చింది. పైన చిన్న లైటు, దుమ్ము పోని బటన్లు. మన దేశం లాంటి చోట్లని చూసి చేసిన ఫోను. ఫోను కంటే ఆ లైటు కోసం కొన్నోళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కల్లంలో పొద్దుపోయాక బస్తాలు లెక్కపెట్టుకోవటానికి బాగుండేది. గట్టు మీద నడకకి మాత్రం చాలదు.

అసలు మలుపు ఎల్‌ఈడీతో వచ్చింది. ఎర్ర, పచ్చ ఎల్‌ఈడీలు ఎప్పటి నుంచో ఉన్నయ్యి, టేపు రికార్డర్లలో చూశాం. నీలం రాలేదు. నీలం లేకపోతే తెలుపు లేదు. 1990ల మొదట్లో జపాన్‌లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు దాన్ని సాధించారు. 2014లో నోబెల్ ఇచ్చారు. బ్యాటరీ వైపు చూస్తే 1991లో సోనీ లిథియం అయాన్ సెల్లుని అమ్మకానికి తెచ్చింది. దాని వెనకున్న ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. రెండు నోబెల్ బహుమతులు కలిస్తే మన చేతిలో లైటు అయింది, అదీ రోడ్డు పక్కన బండి మీద దొరికే ధరకి. పాత 2.5 వోల్టుల బల్బు ముక్కాలు వాట్ తిని ఇచ్చే వెలుగుతో పోలిస్తే 1 వాట్ ఎల్‌ఈడీ పది రెట్లు ఇస్తది.

ఇప్పుడు అటక మీది లైటు. దాని ఇత్తడి గొట్టం ఇంకో యాభై ఏళ్లుంటది. ఈ ప్లాస్టిక్ లైట్లలో లేనిది అదే. చిలుముని చింతపండుతో చెంబు తోమినట్టు తోమి, బాగా ఆరబెట్టి, స్ప్రింగుని, స్విచ్చు పత్తీని గరుకు కాయితంతో రుద్దండి. సగం లైట్లకి రోగం ఆ చిలుమే.

పాత పెద్ద బ్యాటరీ 33 మిల్లీమీటర్ల లావు, 61 పొడుగు. లిథియం సెల్లు పేరులోనే కొలత ఉంది, 18650 అంటే 18 లావు, 65 పొడుగు. రెండు బ్యాటరీల గొట్టంలో ఒక్క సెల్లు వేస్తే సందు మిగులుద్ది. 25 ఎంఎం పీవీసీ పైపు ముక్కలో సెల్లు, దాని మీద 32 ఎంఎం పైపు ముక్క, మధ్యలో టేపు చుట్ట. డ్రిప్పు వేసినప్పుడు మిగిలిన ముక్కలు చాలు. వెనక మిగిలిన 57 మిల్లీమీటర్ల ఖాళీలో ఇత్తడి బోల్టు. బల్బు స్థానంలో 1 వాట్ ఎల్‌ఈడీ, దానికి వరసలో 3.3 ఓంల 1 వాట్ రెసిస్టరు. ఆ రెసిస్టరు మానేస్తే నిండు సెల్లు 4.2 వోల్టులతో ఎల్‌ఈడీని వేయించుకు తింటది. అది పెడితే 0.3 ఆంపియర్ల దగ్గర మొదలై నిదానంగా తగ్గుద్ది. నిజమైన 2200 ఎంఏహెచ్ సెల్లుకి 7, 8 గంటలు. ఒక రాత్రి కరెంటు టర్ను మొత్తానికి సరిపోయినట్టే. ఎల్‌ఈడీ వెనక అల్యూమినియం బిళ్ల ఉండాలి, అది గొట్టానికి ఆనాలి, అప్పుడే వేడి ఇత్తడిలోకి పోద్ది.

ఇంకో చిక్కుంది. పాత బల్బు చుట్టూ వెలుగు చిమ్మేది, వెనక గిన్నె దాన్ని పోగేసి ముందుకి పంపేది. ఎల్‌ఈడీ ముందుకి మాత్రమే చిమ్ముద్ది. గిన్నెతో దానికి పెద్దగా పని లేదు. అందుకని పాత లైటులాగా ఫర్లాంగు దూరం కొట్టదు, కాళ్ల ముందు వెడల్పుగా పరుచుకుంటది. చాలామంది ఇది లోపమనుకుని మళ్లీ లెన్సు పెట్టించుకుంటారు. నా లెక్కలో మనకి కావాల్సింది ఆ వెడల్పు వెలుగే. రక్తపింజర ఫర్లాంగు దూరంలో ఉంటే దాని గొడవ మనకెందుకు, అడుగు పక్కన ఉన్నదే కనపడాలి. దూరం కొట్టే లైటు అడవిపందుల కాపలాకి బాగుంటది. దానికే వెడల్పు కావాలంటే అద్దం మీద పాల కవరు ముక్క రబ్బరు బ్యాండుతో బిగించండి.

సెల్లు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. 9900 అని అచ్చేసి అమ్ముతారు. పేరున్న కంపెనీలు చేసే ఈ సైజు సెల్లులే 3500 దగ్గర ఆగుతయ్యి, మరి 9900 ఎక్కడి నుంచి వచ్చింది? కిరాణా కొట్టులో కాటా మీద పెట్టండి. అసలుది 45 గ్రాముల దగ్గర తూగుద్ది, దొంగది తేలిపోద్ది. ఐఎస్ 16046 ముద్ర ఉందా చూడండి. పాత ల్యాప్‌టాప్ నుంచి పీకిన సెల్లు పై ప్లాస్టిక్ చిరిగి ఉంటే తీసుకోవద్దు. ప్లస్ బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా మైనస్సే, ముందున్న స్ప్రింగు ఆ అంచుకి తగిలిందా, చేతిలో నిప్పే.

అన్నిటికంటే ప్రమాదం ఇంకోటి. చచ్చిన ప్లాస్టిక్ లైటులో సీసం బ్యాటరీ తీసేసి, అదే చోట లిథియం సెల్లు అతికించి, ఆ పాత పిన్నులతోనే గోడకి పెడుతున్నారు. చేసిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ చార్జరుకి ఆగటం తెలీదని పైన చెప్పాను. సీసం బ్యాటరీ అయితే నీరు ఇగిరి చచ్చేది. లిథియం 4.2 దాటితే ఉబ్బుద్ది, అంటుకుంటది. మనం చార్జింగు పెట్టేది ఎక్కడ? ముందు గదిలో. ముందు గదిలో ఏముంటది? రేటు కోసం ఆపిన పత్తి, చూరు దాకా. పక్కన ఎండుమిరప టిక్కీలు. ఒక్క రవ్వ చాలు, ఏడాది కష్టం, ఇల్లు, లోపల నిద్రపోయే పిల్లలు. టీపీ 4056 అనే చిన్న చార్జింగు బిళ్ల దొరుకుద్ది, రక్షణ సర్క్యూటు ఉన్న రకం అడగండి. ఫోను చార్జరు నుంచి 5 వోల్టులు తీసుకుని 4.2 దగ్గర తనే ఆపుద్ది, మరీ ఖాళీ కాకుండా కూడా ఆపుద్ది. బిళ్ల బిగించినా సరే, చార్జింగు పత్తి లేని చోట, బండ మీదో సిమెంటు గట్టు మీదో, మనం మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి.

2019 తర్వాత మన రాష్ట్రంలో పగలే 9 గంటలు ఇస్తామని ఫీడర్ల వారీగా మార్చుకుంటా వచ్చారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. పగటి కరెంటుతో నడిరాత్రి నడక తగ్గింది, అది ఒప్పుకోవాలి. లైను మీద ఏదన్నా వస్తే ఆ గంటలు మళ్లీ చీకట్లోకే జరుగుతయ్యి. సాగర్ కాలవ వంతుకి ఇప్పటికీ గడియారం లేదు. పత్తిలో లద్దెపురుగు పగలు మట్టిలో దాక్కుని రాత్రే ఆకు మీదికొస్తది, అది పడిందా లేదా చూడాలంటే చీకటి పడ్డాకే పోవాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కల్లంలో ఎర్రగా ఆరబోసి, దొంగలకి భయపడి పట్టా పక్కన పడుకునే రాత్రులు ఎటూ తప్పవు. అక్కడ కట్లపాము పక్కలోకే వస్తది. కల్లంలో పడుకునేటప్పుడు మంచం వేసుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి, లైటు తల దగ్గర చేతికందేలా పెట్టుకోండి. కాలు కింద పెట్టేముందు వేయండి దాన్ని, పెట్టాక కాదు.